ఈల పడకముందే ఎత్తిన చెయ్యి

మా కాలేజీ మార్కరన్న పోయారన్న కబురు నాకు స్టాఫ్‌రూములో, జవాబుపత్రాల కట్టల మధ్య తెలిసింది. అటెండరు టీ గ్లాసు బల్ల మీద పెడుతూ, "మన మార్కరన్న ఈ పొద్దున పోయినాడంట మేడం. ఊపిరి అందలేదంట" అన్నాడు. గదిలో ఆరుగురం ఉన్నాం. ఒకరు అయ్యో అన్నారు. కొత్తగా చేరిన లెక్చరరు ఒకాయన, "మార్కరన్న అంటే ఎవరు?" అని అడిగాడు. ఆ కట్టలకు ఉన్న ముడి మార్కరన్న నేర్పిన ముడి. దాన్ని విప్పుతూ తల వంచుకుని కూర్చున్నాను.

మార్కరంటే ఆటస్థలంలో సున్నపు గీతలు గీసే మనిషి. బంతులకు గాలి కొట్టడం, చిరిగిన వలలు అల్లడం, రోలరు లాగడం కూడా ఆ ఉద్యోగంలో భాగమే. రిజిస్టరులో ఆయనకు ఒక పేరు ఉండేది గానీ దానితో పిలిచినవాళ్లు నాకు తెలియదు. పిల్లలకూ, ప్రిన్సిపాలుకూ, క్యాంటీను వాళ్లకూ ఆయన మార్కరన్నే. ఇక్కడ పేరు రాస్తే వేరే ఎవరి గురించో రాసినట్టు ఉంటుంది.

మా కాలేజీకి ఒకప్పుడు బాస్కెట్‌బాల్ జట్టు ఉండేదని ఇప్పటి పిల్లలకు తెలియదు. కాలేజీ పత్రికలో దాని ఫొటో లేదు. కప్పులు పెట్టే అద్దాల బీరువాలో దాని కప్పు లేదు. డెబ్బైల మొదట్లో పుట్టి, ఎనభైల మొదట్లో ఆగిపోయిన జట్టు అది. దాని చరిత్ర తెలిసిన మనిషి ఒక్కరే ఉండేవారు, ఆయన ఏదీ కాగితం మీద పెట్టలేదు. నేను చరిత్ర పాఠాలు చెప్పే మనిషిని. ఆయన చెప్పినవీ, నేను చూసినవీ కలిపి రాస్తున్నాను. ఎక్కడైనా నా జ్ఞాపకం తప్పు చెబుతూ ఉండొచ్చు. నేను చేసిన పని విషయంలో మాత్రం తప్పు చెప్పదు.

మార్కరన్నది చిత్తూరు పక్కన పల్లె. నాయన కూలికి పోయేవాడు. చిన్నప్పుడే మిషన్ హాస్టల్లో వేశారు. అక్కడి ఫాదరు ఒకాయన చెట్టుకు ఇనుప చుట్టు కట్టి పిల్లల చేత బాస్కెట్‌బాల్ ఆడించేవాడట. "అన్నం గంట కొట్టేదాకా ఆడతానే ఉంటిమి మేడం. ఆకలి తెలీకుండా ఉండేదానికి ఆయప్ప కనిపెట్టినాడో ఏమో ఆ ఆట" అనేవారు. మా కాలేజీలో చేరేసరికి ఫిజికల్ డైరెక్టరు పోస్టు ఖాళీగా ఉంది. చాలాకాలం ఖాళీగానే ఉంది. ఆ ఖాళీలో ఆయన జట్టును తయారుచేశారు.

స్తంభాలు రెండూ పాత రైలుపట్టా ముక్కలు. రేణిగుంటలో తుక్కు కింద పడి ఉంటే అడిగి తెచ్చారు. బోర్డులు మామిడి చెక్కలు. రింగులు చేసింది ఎడ్లబండి చక్రాలకు ఇనుపపట్టా వేసే కమ్మరి. అతనికి బండిచక్రం తెలుసు, బాస్కెట్‌బాల్ రింగు తెలియదు. చేసిన రింగులు ఉండవలసినదానికంటే రెండు వేళ్లు చిన్నవిగా వచ్చాయి. మార్చమని అడగడానికి మొహమాటపడి మార్కరన్న అవే బిగించేశారు. మా పిల్లలు ఆ ఇరుకు రింగుల్లో వేసి వేసి, బయటి ఊరికి పోతే అక్కడి రింగు బావిలా కనిపించేదట. కాళహస్తి నుంచి వచ్చిన జట్టు మాత్రం మా కోర్టులో అరగంట ఆడి, "ఏమప్పా, ఇది రింగా, గాజా?" అని అడిగి పోయింది.

నేను డెబ్బైల మధ్యలో ఉద్యోగంలో చేరాను. నేనున్న ఇల్లు కాలేజీ వెనక వీధిలోనే కాబట్టి పొద్దున్నే పాల కోసం కోర్టు పక్కనుంచే నడిచేదాన్ని. ఆరుగంటలకల్లా పిల్లలు వచ్చేవారు. వచ్చినవాడు వచ్చినట్టు కెమిస్ట్రీ ల్యాబు వెనక కుళాయి దగ్గర బొక్కెన నింపి తెచ్చి, ఆ ఎర్రమట్టి కోర్టులో తన వంతు జాగాలో చల్లాలి. దుమ్ము అణగాలి, తర్వాత ఆట. నీళ్లు పోయనివాడు బంతి ముట్టడానికి లేదు, వాడు ఎంత పొడుగైనా సరే. హాజరుపట్టీ లాంటిది ఏమీ లేదు. మార్కరన్న నేల వైపు చూసేవారు. ఎక్కడ తడి లేదో అక్కడివాడు ఆ రోజు రాలేదని లెక్క.

ఒక పొద్దున నేను ఆగి చూస్తుంటే పిలిచారు.

"ఏం మేడం, నిలబడుకోని సూస్తా ఉండారు. ఒగ బొక్కెన పోస్తే మిమ్మల్ని గూడా ఆటలోకి తీసుకుంటాం."

"నేనేం ఆడతాను మార్కరన్నా?"

"మా పాకాల వాడూ అట్లనే అనె. ఇప్పుడు దించితే దిగడు."

పాకాల వాడంటే పాకాల నుంచి రోజూ బండెక్కి వచ్చే బి.ఎ. పిల్లవాడు. తర్వాత జట్టుకు కెప్టెనయ్యాడు. నేను వాడిని కెప్టెన్ అనే రాస్తాను. వాళ్ల నాయన రైలుకట్ట మీద గ్యాంగు కూలీ. కొడుకు రైల్వేలో చేరాలని, కానీ చేతిలో గడ్డపార ఉండకూడదని ఆయన కోరిక. యూనివర్సిటీ పోటీల్లో ఆడినట్టు సర్టిఫికెట్టు ఉంటే రైల్వే వాళ్లు ఆటగాళ్ల కోటాలో పిలుస్తారని మార్కరన్న ఎక్కడో కనుక్కొని వచ్చి ఆ ఇంట్లో చెప్పారు. ఆ మాట మీద ఆ కుటుంబం మూడేళ్లు బతికింది.

ఆ జట్టుకు ఇంకో అలవాటు ఉండేది. ఆ రోజుల్లో ఫౌలు చేసిన ఆటగాడు, రిఫరీ ఈల వేశాక, ఎవరు చేశారో తెలిసేట్టు చెయ్యి ఎత్తాలి. అది రూలు. మార్కరన్న దాన్ని ఒక అడుగు ముందుకు జరిపారు. ఈల పడినా పడకపోయినా, తగిలిందని నీకు తెలిస్తే ఎత్తాలి. "ఈల వాళ్ల పని. చెయ్యి మన పని" అనేవారు. ఇది ఆయన పెద్ద నీతిగా చెప్పేవారు కాదు. బంతికి గాలి సరిపోయిందా లేదా అని నొక్కి చూసేటప్పటి గొంతుతోనే చెప్పేవారు.

స్పోర్ట్స్ కమిటీలో రాతపనికి ఎవరూ దొరక్క నన్ను వేశారు. పిల్లలు పోటీలకు పోతే హాజరు ఇప్పించే ఉత్తరాల మీద నా సంతకం ఉండేది. నాకు ఆట తెలియదు. అయినా జిల్లా కాలేజీల పోటీ ఫైనలు చిత్తూరులో అన్నప్పుడు, అక్కడున్న మా అమ్మను చూసినట్టు ఉంటుందని నేనూ బయలుదేరాను. మా కాలేజీ ఫైనలు దాకా పోవడం అదే మొదటిసారి. అదే ఆఖరిసారి కూడా.

చివరి క్షణాల్లో మనం ఒక పాయింటు ముందున్నాం. అవతలివాడు ఎగిరి వేశాడు. బంతి రింగుకు అందలేదు. ఈల పడలేదు. మన పిల్లలు ఎగురుతున్నారు, ఒకడు చొక్కా విప్పేశాడు. కెప్టెన్ మాత్రం రింగు కింద కుడిచెయ్యి పైకెత్తి నిలబడి ఉన్నాడు. రిఫరీ దగ్గరికి పోయి, "ఏమప్పా?" అన్నాడు.

"వాని మణికట్టుకు నా యేలు తగిలింది సార్."

"నేను సూడలేదే."

"తగిలింది సార్."

రిఫరీ కాసేపు వాడి ముఖం వైపు చూశాడు. అవతలివాడు కూడా తన మణికట్టు వైపు చూసుకున్నాడు, వాడికి కూడా నమ్మకం లేనట్టు. ఎవరూ అడ్డుపడకుండా గీత దగ్గర నిలబడి వేసుకోమని అవతలివాడికి రెండు ఫ్రీత్రోలు ఇచ్చారు. రెండూ పడ్డాయి.

తిరిగివచ్చే బండిలో నేను వాళ్ల పెట్టెలోనే కూర్చున్నాను. ఒకడు, "నీ యేలు తెగ్గొయ్యాల్రా" అన్నాడు. ఇంకొకడు, "రిఫరీ ఏల మనకి, మన ఈల మనమే ఊదుకుంటాం గదా" అన్నాడు. మార్కరన్న ఉడకబెట్టిన చెనక్కాయల సంచి విప్పి అందరి ఒడిలో పోశారు.

"తినండప్పా. ఓడినోళ్లకి ఆకలెక్కువ."

కెప్టెన్ తినలేదు. "అన్నా, నేను ఎత్తకుండా ఉండాల్నా?" అని అడిగాడు.

మార్కరన్న ఇంకో కాయ ఒలిచారు. తర్వాత అన్నారు. "ఎత్తకుంటే గెలిసేవాళ్లం. అది నిజమేరా, నేను కాదనను. రేపు పొద్దున వచ్చి నా ముందర నీళ్లు పోసేవాడివా, అది సెప్పు."

వాడు ఆలోచించాడు. "పోసేవాణ్ణే. కాకుంటే సగం బొక్కెన పోసేవాణ్ణి."

పెట్టెలో అందరూ ఒక్కసారి నవ్వారు. వేలు తెగ్గొయ్యాలన్న వాడు కూడా నవ్వాడు. ఆ జట్టు మొత్తం నవ్వగా నేను చూసింది అప్పుడే.

కాలేజీలో ఎవరూ నవ్వలేదు. "గెలవమని పంపామా, సాక్ష్యం చెప్పమని పంపామా?" అని ప్రిన్సిపాలు స్టాఫ్‌రూములో అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఆయన తలలో అప్పటికే కొత్త బ్లాకు ఉంది. దానికి రోడ్డు పక్క స్థలం కావాలి, రోడ్డు పక్క ఉన్నది బాస్కెట్‌బాల్ కోర్టు.

ఇక్కడి నుంచి నా సంగతి. మా కాలేజీలో ఆడపిల్లలకు కూర్చునే గది ఉండేది కాదు. మెట్ల కింద నిలబడి టిఫినుగిన్నెలు తెరిచేవారు. ఒంట్లో బాగాలేని రోజు కెమిస్ట్రీ ల్యాబు గోడకు ఆనుకుని కూర్చునేవారు. ఆ గది కోసం నేను రెండేళ్లుగా అర్జీలు రాస్తున్నాను. ప్రిన్సిపాలు నన్ను పిలిచి, "బ్లాకు వస్తే అందులో మీ ఆడపిల్లలకు గది. జట్టు అక్కర్లేదని కమిటీ రిపోర్టు ఇస్తే బ్లాకు. మీరు చరిత్రవాళ్లు, బాగా రాస్తారు" అన్నారు.

నేను రాశాను. ఒక వాక్యం నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "జట్టు క్రమబద్ధంగా అభ్యాసం చేస్తున్నట్టు ఎలాంటి ఆధారమూ లభ్యం కాలేదు." అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. హాజరుపట్టీ లేదు, పుస్తకం లేదు, కాగితం లేదు. ఆధారం లేనిదాన్ని చరిత్ర అనకూడదని నేను క్లాసులో ఏటా చెప్పే మాట. ఆ వాక్యం రాసిన రోజు పొద్దున, పాలు తెచ్చుకుంటూ, కోర్టులో పదకొండు తడిమచ్చలు చూసి వచ్చాను.

అది ఆడపిల్లల కోసమే రాశానా? ప్రిన్సిపాలు దృష్టిలో మంచిదాన్ని కావాలని రాశానా? బాగా రాస్తారన్న మాటకు లొంగానా? ఒక్కో రోజు ఒక్కో జవాబు తోస్తుంది. ఏ జవాబూ రెండో రోజుకు నిలవదు.

రిపోర్టు మీద కమిటీ సభ్యులు నలుగురూ సంతకం పెట్టారు. ఆ యేడు పోటీలకు జట్టును పంపడం లేదని నోటీసు అంటించారు. రెండు రోజుల తర్వాత మార్కరన్న నా క్లాసు బయట నిలబడి ఉన్నారు. చేతులకు సున్నం, గోళ్ల చుట్టూ ఎర్రమట్టి.

"మేడం, ఒగ మాట. ఆ కాగితం ఎవురు రాసినారో సెప్తారా? కొట్లాటకు గాదు. ఒగ్గ పొద్దున పిలుసుకోని వచ్చి సూపిస్తా. బొక్కెనలు లెక్క పెట్టుకోమంటా. రాసినోళ్లే తప్పైందని మార్సి ఇస్తే నాకేం అడ్డం లేదని ప్రిన్సిపాల్సారు అన్నాడు. సోమవారం దాకా టైముండాది. ఈ యేడు ఆడకపోతే కెప్టెన్‌కి సర్టిఫికెట్టు రాదు మేడం. వాళ్ల నాయన రోజూ అడగతా ఉండాడు."

ఆ రోజు గురువారం. నాలుగు రోజులు ఉన్నాయి. నేను, "కమిటీ అంతా కలిసి రాశాం మార్కరన్నా. ఒకరని చెప్పలేను" అన్నాను.

ఆయన తల ఊపారు. "మీరైతే రాసుండరులే. రోజూ పోతా సూసేవాళ్లు గదా మీరు" అని, నన్ను ఓదారుస్తున్నట్టు ఇంకొక క్షణం నిలబడి, వెళ్లిపోయారు.

సోమవారం వచ్చింది, పోయింది. ఆ వారంలోనే ఒక స్తంభాన్ని తవ్వి తీశారు. రెండోది పునాదికి అడ్డం రాలేదని వదిలేశారు. పదకొండు మందిలో కొందరు కబడ్డీలోకి పోయారు, కొందరు ఏ ఆటలోకీ పోలేదు. కెప్టెన్‌కు రైల్వే పిలుపు రాలేదు. డిగ్రీ ఆఖరి పరీక్షలు రాయకుండానే రేణిగుంటలో గోడౌనుకు బస్తాలు ఎత్తడానికి పోయాడని తెలిసింది. బ్లాకు లేచింది. ఆడపిల్లల గది అని ప్లానులో రాసిన గదిలో ప్రశ్నపత్రాల పెట్టెలు, కాళ్లు విరిగిన స్టూళ్లు పెట్టి తాళం వేశారు. పిల్లలు ఈ రోజుకూ మెట్ల కిందే తింటున్నారు. ఆ గది నిజంగా వాళ్లకు దక్కి ఉంటే నా మనసు కుదుటపడేదేమో. పడకూడదేమో కూడా.

మార్కరన్నకు గంట కొట్టే పని ఇచ్చారు. పరీక్షలప్పుడు జవాబుపత్రాల కట్టలు కట్టేవారు, వలకు వేసే ముడినే వేసి. లాగితే బిగిసేది, వెనక్కి నెడితే విడిపోయేది. మిగతా అటెండర్లు చూసి నేర్చుకున్నారు. నాతో ఆయన ఎప్పటిలాగే ఉన్నారు. క్రిస్మస్‌కు ఇంట్లో చేసిన కజ్జికాయలు డబ్బాలో తెచ్చి ఇచ్చేవారు. నేను తీసుకునేదాన్ని. ఆ డబ్బా తిరిగి ఇచ్చేటప్పుడు ఏటా చెప్పాలనుకునేదాన్ని. ఏటా, కజ్జికాయలు బాగున్నాయని చెప్పి ఇచ్చేదాన్ని.

మిగిలిన స్తంభం కొత్త బ్లాకులోని పరీక్షహాలు కిటికీకి ఎదురుగా ఉంటుంది. దాని ముందు పది పన్నెండు అడుగుల నేల మిగిలింది. ఆదివారం చర్చి అయ్యాక ఆయన పాత టీ కెటిల్లో సున్నపునీళ్లు తెచ్చి, దారం పట్టి, ఆ నేల మీద ఫ్రీత్రో గీత గీసేవారు. కొలత ప్రకారం ఆ గీత ఇంకా దూరంగా ఉండాలి. గోడ అడ్డం కాబట్టి ముందుకు జరిపారు. రిటైరయ్యాక కూడా మానలేదు. ఎవరు ఆడతారని గీస్తున్నారని ఒకసారి అడిగాను.

"ఎవురూ ఆడరు మేడం. స్తంభం నిలబడుకోని ఉండాది గదా. ముందర గీత లేకుంటే అది ఉత్త ఇనుము" అన్నారు. తర్వాత, "సున్నం మంచిది దొరకలే" అని గీత వైపు అసంతృప్తిగా చూశారు.

సమాధి కార్యక్రమానికి నేను వెళ్లాను. కాలేజీ నుంచి ముగ్గురం. పాత జట్టు నుంచి వచ్చింది ఒక్కడే, కెప్టెన్. గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది. జుట్టు పలచబడింది. కుడిభుజం కొంచెం వంగి ఉంది. ప్రార్థన అయ్యాక అందరూ తలా పిడికెడు మట్టి వేశారు. వాడు రెండు పిడికిళ్లు వేసి, చేతులు దులుపుకోకుండా పక్కకు వచ్చాడు. వాడు బస్సు కోసం గేటు దగ్గర నిలబడి ఉంటే నేను పోయి చెప్పాను. ఆ రిపోర్టు నేనే రాశానని, ఆ రోజు మార్కరన్న అడిగితే దాచానని.

వాడు రోడ్డు వైపు తిరిగాడు.

"అన్నకు తెలుసునా?"

"తెలియదు."

"తెలీకుండా పోయినాడు. మంచిదేలే మేడం. మీ మీద ఆయనకు శానా గురి." సంచీ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "మా నాయన గూడా తెలీకుండానే పోయినాడు. నేను సరిగ్గా ఆడలేదని పీకేసినారని అనుకుంటా పోయినాడు ఆయన."

నేను ఏదో అనబోయాను. క్షమించమనే అయి ఉంటుంది.

"ఇప్పుడు చెయ్యెత్తితే ఎట్లా మేడం. ఆట అయిపోయి అందరూ బండెక్కి పోయినారు." గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదని నాకు అనిపించింది. బస్సు కనిపించాక సంచీ భుజానికి తగిలించుకుంటూ అన్నాడు. "మీరు కాగితాన్ని నమ్మేవాళ్లు గదా. ఆ కాగితం మీదనే పెట్టండి. ఈడ ఒగ జట్టు ఉన్నిందని, పొద్దున్నే వచ్చి ఆడతా ఉన్నిందని. అన్న గురించి గూడా రాయండి."

అందుకే ఇది రాశాను. ఇది ఎవరికి పనికొస్తుందో నాకు తెలియదు. రైల్వే సర్టిఫికెట్టు కాదు ఇది. దీన్ని చూపించడానికి పాకాలలో ఆ నాయన లేడు. అయినా రాసినదాన్ని రాతతోనే సరిదిద్దాలి కాబట్టి చెబుతున్నాను: ఆ జట్టు ప్రతి పొద్దునా అభ్యాసం చేసింది. నేను చూశాను.

సమాధి చేసిన మర్నాడు పొద్దున నాకు పరీక్షహాలు డ్యూటీ. పిల్లలు ఇంకా రాలేదు. కిటికీలు తెరుస్తుంటే స్తంభం కనిపించింది. రింగుకు వల లేదు, ఎవరో డస్టరుగుడ్డ ఆరేశారు. కింద గీత అలాగే ఉంది. ఏళ్ల తరబడి ఒకేచోట పూత మీద పూత పడి సున్నం గట్టిపడి, పోయిన వారం వానకు కూడా కరగలేదు. గీతకు ఇవతల ఎర్రమట్టిలో ఒకచోట నేల నల్లగా తడిసి ఉంది, ఒక బొక్కెన నీళ్లు పోస్తే ఎంత తడుస్తుందో అంత. పక్కన ఎవరూ లేరు. పరీక్ష గంట మోగేదాకా నేను కిటికీ దగ్గరే నిలబడ్డాను. అంచుల నుంచి మెల్లగా ఆరుతూ, ఆ తడి మధ్యకు తగ్గుతూ పోయింది.